శనగలు తిని వెళ్ళిన దొంగలు

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయండిరా అని వార్డెన్ సారు అడిగినప్పుడు మా ఏడో నంబరు గది వాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏటా మన సంచికలో ఏమేం వస్తాయో మీకు తెలియనిది కాదు. క్రమశిక్షణ, కాలం విలువ, అమ్మ మీద కవిత, అంబేద్కర్ గారి జీవితం, పొడుపు కథలు, చివరి పేజీలో గ్రూప్ ఫోటో. అవి రాసేవాళ్ళు మాకంటే బాగా రాస్తారు. అందుకని మేం ఒక దొంగల సినిమా గురించి రాస్తామన్నాం.

సారు కళ్ళజోడు పైనుంచి చూసి, "హాస్టల్ పుస్తకంలో దొంగతనాల గోలేంట్రా?" అన్నారు.

"సార్, ఆ దొంగలకి చివరికి దొరికింది ఉడికించిన శనగలు మాత్రమే సార్" అన్నాం.

ఆయన కాసేపు ఆలోచించి, నవ్వి, "అయితే మన హాస్టల్ కథే. రాయండి" అన్నారు. కాబట్టి తప్పేదైనా ఉంటే సగం సారుదే!

మేము అంటే అయిదుగురం. రాసే చెయ్యి మాత్రం ఒకటే. ఆ చేతికి ఇరవై మూడేళ్ళు, ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది, వాళ్ళింట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి చెయ్యి అదే. కానీ ఆ రాత్రి నవ్వింది అయిదుగురం. తర్వాత నిద్ర పట్టనిది కూడా అయిదుగురికీ. అందుకే 'నేను' అని రాయబుద్ధి కాలేదు.

అది చలికాలం, శనివారం రాత్రి. మా గదిలో జర్నలిజం చదివే మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో ఒక సినిమా తెచ్చాడు. సెమినార్ కోసం వాడది చూసి తీరాలట. వాడి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ని ట్రంకు పెట్టె మీద పెట్టాం. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. వైరు కదిలితే బొమ్మ పోతుంది. కాబట్టి ఎవరూ కాళ్ళు చాపకూడదని షరతు పెట్టాం. సినిమా అనే మాట చెవిన పడితే చాలు కదా, పక్క గదుల డిగ్రీ తమ్ముళ్ళు దుప్పట్లు కప్పుకుని వచ్చేశారు. తీరా చూస్తే బ్లాక్ అండ్ వైట్! మాటలేమో ఇటలీ భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు. "అన్నా, ఒక్క ఫైటైనా ఉందా?" అని ఒకడు. "పాటలు?" అని ఇంకొకడు. సగం మంది లేవబోయారు. అప్పుడొక ఒప్పందం చేసుకున్నాం. కింద పడే ఇంగ్లీషుని మేం తెలుగులో గట్టిగా చదువుతాం. పావుగంటలో నవ్వు రాకపోతే వెళ్ళిపోవచ్చు. చివరిదాకా ఒక్కడూ లేవలేదు.

ఆ సినిమా పేరు 'ఇ సొలితి ఇన్యోతి'. 'ఎప్పుడూ ఉండే ఆ గుర్తు తెలియని వాళ్ళే' అని దానర్థం. మన పేపర్లలో 'గుర్తు తెలియని దుండగులు' అని రాస్తారే, అలాంటి మాట. ఇంగ్లీషులో దాన్ని 'బిగ్ డీల్ ఆన్ మడోన్నా స్ట్రీట్' అన్నారు. మారియో మొనిచెల్లి అనే దర్శకుడు 1958లో తీశాడు. ఆస్కార్‌కి విదేశీ చిత్రాల విభాగంలో నామినేట్ అయింది. హాలీవుడ్ వాళ్ళు 1984లో 'క్రాకర్స్' అనీ, 2002లో 'వెల్‌కం టు కాలిన్‌వుడ్' అనీ దాన్నే మళ్ళీ తీసుకున్నారు. ఈ లెక్కలన్నీ మా జర్నలిజం మిత్రుడు చెప్పినవే. మాకు నచ్చింది మాత్రం అందులోని మనుషులు.

కథ చాలా చిన్నది. రోమ్ నగరంలో కోసిమో అనే చిల్లర దొంగ కారు ఎత్తుకుపోబోయి జైల్లో పడతాడు. లోపల తోటి ఖైదీ ఒకడు ఒక రహస్యం చెబుతాడు. ఒక తాకట్టు ఆఫీసుకీ, పక్కనున్న ఖాళీ ఇంటికీ మధ్య గోడ చాలా పల్చగా ఉంటుందట. ఆ ఇంట్లోకి దూరి గోడ పగలగొడితే నేరుగా ఇనప్పెట్టె దగ్గర తేలతారు. ఇక కోసిమో బయటికి రావాలి. తన నేరం నెత్తిన వేసుకుని జైలుకి వెళ్ళే మనిషి కోసం వాళ్ళవాళ్ళు ఊరంతా గాలిస్తారు. అడిగిన ప్రతివాడికీ ఏదో ఒక అడ్డంకి. చివరికి పెప్పే అనే ఓడిపోయిన బాక్సర్ ఒప్పుకుంటాడు. వాడు జైలుకెళ్ళి, తనకి మూడేళ్ళు శిక్ష పడిందని ఏడుపు మొహం పెట్టి, కోసిమో నోటి నుంచి రహస్యమంతా లాగి, అప్పుడు చల్లగా, "నన్ను వదిలేశారు, వెళ్ళొస్తా" అని బయటికొచ్చేస్తాడు. మా తమ్ముళ్ళు మొదటిసారి పడీపడీ నవ్వింది అక్కడే.

తర్వాత ముఠా తయారవుతుంది. ఒక్కడూ ఒక్కదానికీ పనికిరాడు! బాక్సర్ పెప్పే మాట్లాడితే నత్తి. తిబేరియో ఫోటోగ్రాఫరే గానీ చేతిలో కెమెరా లేదు, చంకలో చంటిపిల్లాడు ఉన్నాడు. భార్య దొంగ సిగరెట్ల కేసులో జైల్లో ఉంది. మారియో అనాథాశ్రమంలో పెరిగాడు. అక్కడ పెంచిన ముగ్గురు ఆడవాళ్ళనీ అమ్మలనే అనుకుంటాడు, ఏది కొన్నా మూడు కొంటాడు. ఫెర్రిబొత్తేకి చెల్లెలిని ఇంట్లో పెట్టి తాళం వేసి కాపలా కాయడమే పెద్ద పని. ఇక కపనెల్లె అనే ముసలాయన. పళ్ళు లేవు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు. ఆయన తెర మీదికి వచ్చినప్పుడల్లా గదిలో అందరూ ఒకే తమ్ముడి వైపు తిరిగి చూసేవారు. ఆ తమ్ముడెవరో మెస్‌లో వడ్డించేవాళ్ళకి తెలుసు. ఇక్కడ పేరు రాయం.

ఇనప్పెట్టె తెరవడం ఎలాగో నేర్పించడానికి ఒక గురువు కూడా ఉంటాడు. పేరు దాంతే. ఇటలీ వాళ్ళు నెత్తిన పెట్టుకున్న హాస్యనటుడు తోతో ఆ వేషం వేశాడు. మేడ మీద ఇనప్పెట్టె పెట్టి, ప్రొఫెసర్ లాగా గంభీరంగా, పద్ధతి ప్రకారం పాఠం చెబుతాడు. తను మాత్రం పనికి రాడు. పోలీసుల కన్ను తన మీద ఉంది కదా, నేర్పి ఫీజు తీసుకుంటాడంతే. "మన కోచింగ్ సెంటర్ సారు లాగే ఉన్నాడన్నా" అన్నాడు గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు. నవ్వాపుకోలేక ఎవరో కాలు కదిపారు. బొమ్మ పోయింది. మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

చివరికి ఆ రాత్రి వస్తుంది. ఖాళీ అనుకున్న ఇంట్లో ఇద్దరు ముసలమ్మలు దిగారు. వాళ్ళింటి పనిపిల్లని బుట్టలో వేసుకుందామని వెళ్ళిన పెప్పే తనే మనసు పారేసుకున్నాడు. మారియోకి ప్రేమ పుట్టి, బుద్ధి కూడా పుట్టి, సినిమా హాల్లో ఉద్యోగం చూసుకున్నాడు. తిబేరియో చేతికి కట్టు. పిల్లాణ్ణి ఆ ఒక్క రాత్రికి జైల్లో ఉన్న తల్లి దగ్గర వదిలి వచ్చాడు. మిగిలినవాళ్ళు నానా తంటాలు పడి లోపలికి దూరి, చెమటలు కక్కుతూ గోడ పగలగొట్టి, కన్నంలోంచి తొంగి చూస్తే... అవతల తాకట్టు ఆఫీసు కాదు. అదే ఇంటి వంటగది! ముసలమ్మలు గదుల్లో సామాన్లు అటూ ఇటూ మార్చారు. వీళ్ళు పగలగొట్టింది వేరే గోడ.

అప్పుడేం చేశారంటే, వంటగదిలో గిన్నె మూత తీసి చూశారు. పాస్తాతో కలిపి ఉడికించిన శనగలు. బల్ల చుట్టూ కూర్చుని శుభ్రంగా తినడం మొదలుపెట్టారు. వంట గురించి మాట్లాడుకున్నారు. గ్యాస్ పొయ్యి పేలేదాకా లేవలేదు. మర్నాడు పేపర్లో చిన్న వార్త: గుర్తు తెలియని వాళ్ళు గోడకి కన్నం వేసి శనగలు తిని వెళ్ళారని.

ఇదీ కథ. ఇందులో ఏముందని మేం అంతగా నవ్వాం? సినిమా అయ్యాక దాని గురించే వాదించుకున్నాం.

దొంగల సినిమాలు మనకి కొత్త కాదు. 1991లో వచ్చిన 'క్షణక్షణం' మనలో ఎంతమంది ఎన్నిసార్లు టీవీలో చూడలేదు? బ్యాంకు దోపిడీ సొమ్ము చుట్టూ వెంకటేష్, శ్రీదేవి పరిగెత్తుతుంటే మనమూ పరిగెత్తాం. 1993లో వచ్చిన 'మనీ'లో చేతిలో పైసా లేని ఇద్దరు కుర్రాళ్ళు ఒకావిడని ఎత్తుకుపోతారు. బ్రహ్మానందం గారి ఖాన్ దాదాని మన మీమ్స్‌లో ఇప్పటికీ చూస్తున్నాం. 2013లో 'స్వామి రారా' వచ్చింది. వినాయకుడి విగ్రహం చేతులు మారుతూ ఉంటే జేబుదొంగలు దాని వెనక పడతారు. ఇవన్నీ మనకెందుకు నచ్చుతాయి? దొంగతనం మంచిదని కాదు కదా!

మాకు తోచిన కారణాలు ఇవి. ఒకటి, ఇలాంటి సినిమాలో ప్రతివాడికీ ఒక పని ఉంటుంది. లోకం పనికిరాడని పక్కన పెట్టిన మనిషిని ఎవరో పిలిచి, "నువ్వు లేకపోతే ఈ పని జరగదు" అంటారు. ఆ మాట వినాలని ఎవరికుండదు? రెండోది, ఇందులో కత్తులు, నెత్తురు ఉండవు. నిజమైన శత్రువు తాళం. తాళం వేసిన తలుపు బయట ఎక్కువసేపు నిలబడ్డవాళ్ళకి, ఆ తలుపు తెరుచుకుంటుందంటే ఎక్కడలేని హుషారు వస్తుంది. మనలో చాలామందికి ఆ తలుపుల సంగతి తెలుసు.

మూడో కారణం చెప్పింది మా గదిలో ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాడు. "వాళ్ళు ఓడిపోయారు కదా, అయినా ఎవడూ ఎవణ్ణీ తిట్టుకోలేదు. కూర్చుని తిన్నారు" అన్నాడు. కాసేపాగి, "మనకి అలా ఓడిపోయే వీలుందా?" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. అప్పుడు వాడు చెప్పాడు. వాడు రాసిన పోటీ పరీక్ష ఫలితాలు వచ్చి మూడు నెలలైంది. పోయింది. అది రెండోసారి. ఇంట్లో మాత్రం ఇంకా ఫలితాలు రాలేదని చెబుతున్నాడు. మాకూ చెప్పలేదు. మూడు నెలలుగా రోజూ లైబ్రరీకి వెళ్ళి, పుస్తకం తెరిచి, అదే పేజీ చూస్తూ కూర్చుంటున్నాడట. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే చెమటలు పడుతున్నాయట. "మా నాన్న ఊరందరికీ చెప్పుకున్నాడ్రా, మావోడు ఆఫీసరైపోతున్నాడని."

తమ్ముళ్ళారా, ఇది మనందరి జబ్బు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడి వెనక ఒక్క ఇల్లు ఉండదు, ఒక వీధి ఉంటుంది. వాడు గెలిస్తే వీధంతా గెలుస్తుంది. వాడు ఓడితే ఒక్కడే ఓడతాడు. అందుకే మనం ఓటమిని ట్రంకు పెట్టెలో అడుగున దాచి తాళం వేస్తాం. పగిలిన గోడ ముందు కూర్చుని, "సర్లే, ఆ గిన్నెలో ఏముందో చూడండి" అనగలిగిన ఆ దొంగలు మాకు ఆ రాత్రి మహాత్ముల్లాగా కనిపించారు. మేం వాణ్ణి ఓదార్చలేదు. ఒకడు డబ్బాలో ఉన్న మరమరాలు తీసి ముందు పెట్టాడు. తిన్నాం. మర్నాడు పొద్దున వాడు ఇంటికి ఫోన్ చేశాడు. అవతల వాళ్ళ నాన్న ఏమన్నాడో వాడు చెప్పలేదు. మేం అడగలేదు. ఫోన్ పెట్టేశాక టిఫిన్‌కి మాత్రం మాతో పాటే వచ్చాడు. మూడు నెలల్లో అదే మొదటిసారి.

శనగల మాట వచ్చింది కాబట్టి మా సొంత దొంగతనం కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. మాలో ముగ్గురం స్కూలు రోజుల్లో ఒకే సంక్షేమ హాస్టల్లో ఉన్నాం. ఎనిమిదో తరగతిలో ఉండగా స్టోర్ రూంలో పల్లీ చిక్కీల పెట్టె వచ్చిందని మాకు కబురందింది. ప్లాన్ వేశాం. ఒకడు వరండాలో కాపలా. ఒకడు కిటికీ ఊచల మధ్య నుంచి దూరడానికి, మాలో అందరికంటే సన్నగా ఉన్నవాడు. ఇంకొకడు నాయకుడు. నాయకుడికి ఏం పని లేదు, అందుకే నాయకుడు. అర్ధరాత్రి సన్నోడు లోపలికి దూరాడు. చీకట్లో చెయ్యి పెడితే పెట్టెకి తాళం. పక్కనే పెద్ద గంగాళంలో మర్నాడు సాయంత్రం గుగ్గిళ్ళ కోసం నానబెట్టిన శనగలు. ఇంత కష్టపడి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళడమా అని చొక్కాలో మూటగట్టి అందించాడు. ముగ్గురం బావి గట్టు మీద కూర్చుని పచ్చి శనగలు దోసిళ్ళకొద్దీ తిన్నాం.

పోలీసు కుక్కలు అక్కర్లేకపోయింది. తెల్లారేసరికి ముగ్గురం చెంబులు పట్టుకుని పరుగులు. వంటామె నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "కడుపులో దాచిన సొమ్ము ఎక్కడికి పోద్దిరా అయ్యా?" అంది. హాస్టలంతా నవ్వింది. మేమూ నవ్వాం.

కానీ ఆ సాయంత్రం సంగతి మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. గుగ్గిళ్ళ లైనులో ఎప్పుడూ చివర నిలబడేది అయిదో తరగతి పిల్లలు. మేం తిన్న దోసిళ్ళు అక్కడ తగ్గాయి. చివరి నలుగురికీ గంగాళం అడుగు కనిపించింది. వాళ్ళలో ఒకడు ఖాళీ ప్లేటు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, తర్వాత దాన్ని కడిగి లోపల పెట్టుకున్నాడు. తిననే లేదు, అయినా కడిగాడు. ఆ ప్లేటు కడగడం మాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

ఆ రాత్రి సినిమా అయ్యాక కూడా సరిగ్గా అలాంటిదే జరిగింది. తమ్ముళ్ళంతా వెళ్ళిపోయారు. లైటు ఆర్పేశాం. చీకట్లో ఒకడు అడిగాడు: "ఇంతకీ వాళ్ళు సరైన గోడే పగలగొట్టి ఉంటే, ఆ ఇనప్పెట్టెలో ఏం దొరికేదిరా?"

"నగలు."

"ఎవరివి?"

అది తాకట్టు ఆఫీసు. సినిమా నడుస్తున్నంతసేపూ ఆ సంగతి మాకు తట్టలేదు! ఇటలీలో పేదవాళ్ళు వస్తువు కుదువ పెట్టి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకోవడానికి పదిహేనో శతాబ్దంలోనే మతగురువులు 'మోంతే ది పియెతా' అనే సంస్థలు పెట్టారని మా జర్నలిజం మిత్రుడు చెప్పాడు. 1948లో వచ్చిన 'బైసికిల్ థీవ్స్' సినిమాలో ఒక పేదవాడి భార్య ఇంట్లో దుప్పట్లు తీసుకెళ్ళి అలాంటి చోటే తాకట్టు పెట్టి, భర్త సైకిల్ విడిపిస్తుంది. ఆ సినిమా రచయితల్లో ఒకరైన సూసో చెక్కి దామికో అనే ఆవిడే పదేళ్ళ తర్వాత ఈ దొంగల సినిమా రచనలో కూడా ఉన్నారు. అంటే ఆ ఇనప్పెట్టెలో జమీందారుల వజ్రాలేమీ లేవు. ఎవరి పెళ్ళి ఉంగరమో, ఎవరి తల్లి గొలుసో ఉంటాయి. మనలాంటి వాళ్ళ సామానే మనలాంటి వాళ్ళు దోచుకోబోయారు. అదృష్టం బాగుండి గోడ తప్పింది!

సినిమాలో ఒక దృశ్యం ఉంది. జైలు నుంచి బయటికొచ్చిన కోసిమో ఒంటరిగా ఆ తాకట్టు ఆఫీసుకి వెళ్ళి గుమస్తా మీద పిస్తోలు తీస్తాడు. గుమస్తా బెదరడు. పిస్తోలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, దానికి ఎంతొస్తుందో చెబుతాడు. గదిలో అందరికంటే గట్టిగా మేం నవ్వింది దానికే. ఎందుకంటే ఆ గుమస్తా మొహం మాకు తెలుసు.

2021లో, డిగ్రీ రెండో ఏడాదిలో, ఫీజు కడితేనే హాల్‌టికెట్ ఇస్తామన్నారు. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. మా అమ్మ చెవుల కమ్మలు తీసి కొంగున కట్టుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని టౌన్‌లో తాకట్టు కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన వాటిని అటూ ఇటూ తిప్పి, రాయి మీద గీసి, తూకం వేసి, తొమ్మిది వేలు అన్నాడు. ఆ కమ్మలు అమ్మకి పెళ్ళిలో మా అమ్మమ్మ పెట్టినవి. కొట్టాయనకి ఆ సంగతి అక్కర్లేదు. అమ్మ కూడా చెప్పలేదు.

చదివేది ఎకనామిక్స్ కదా, లెక్క చెబుతాం. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. తొమ్మిది వేలకి నెలకి 180. ఏడాదికి 2,160. నాలుగేళ్ళకి 8,640. అంటే ఇంకాస్తుంటే వడ్డీ అసలుతో సమానం అవుతుంది. మిరపకాయల కోతకి వెళ్ళినప్పుడల్లా అమ్మ కొంత కట్టి వస్తుంది. అది వడ్డీకే సరిపోతుంది. కమ్మలు కొట్టులోనే ఉన్నాయి. చెవుల రంధ్రాలు పూడిపోకుండా అమ్మ వేపపుల్లలు పెట్టుకుంటుంది. "కమ్మలెయ్యే పిన్నీ?" అని ఎవరైనా అడిగితే, "మా అబ్బాయి చదువుతున్నాడుగా" అంటుంది. ఆ ప్రశ్నకి అదే జవాబు అన్నట్టు.

ఈ సంగతి ఆ చీకట్లో మొదటిసారి చెప్పుకున్నాం. తర్వాత పక్క మంచం నుంచి, "మా ఇంట్లో పట్టీలు" అని వినిపించింది. ఇంకో మంచం నుంచి, "మాది పొలం కాగితం." అయిదుగురిలో నలుగురి ఇళ్ళ నుంచి ఏదో ఒకటి ఎక్కడో ఒక ఇనప్పెట్టెలో ఉంది. అయిదోవాడు, "మా ఇంట్లో పెట్టడానికి ఏం లేదురా, లేకపోతే పెట్టేవాళ్ళం" అన్నాడు. అప్పుడు కూడా నవ్వాం. అదేం నవ్వో మాకే తెలియదు.

ఇంత చెప్పాక ఆ సినిమా మీద మా ఇష్టం తగ్గిందా అంటే, లేదు. పెరిగింది. ఎందుకంటే ఆ దర్శకుడికి ఇదంతా తెలుసు. తెలిసే నవ్వించాడు. అదే ముఠాలో మొదటివాడైన కోసిమో చివరికి రోడ్డు మీద ఒక సంచి లాక్కోబోయి ట్రాం కింద పడి చచ్చిపోతాడు. నవ్వుల మధ్యలో ఒక చావు. దాన్ని దాచలేదు, దాని కోసం నవ్వు ఆపెయ్యనూ లేదు. మన వాడల్లో చావింటి దగ్గర కూడా ఎవరో ఒకరు పోయినాయన చేసిన తమాషా పనులు చెప్పి నవ్విస్తారు. అది తెలిసినవాళ్ళకి ఈ సినిమా పరాయిగా అనిపించదు.

ఒక్క దగ్గర మాత్రం ఆ సినిమాతో మాకు పేచీ ఉంది. చివరి దృశ్యం. తెల్లవారుజామున అందరూ విడిపోయాక పెప్పే, ముసలి కపనెల్లె నడుచుకుంటూ వస్తుంటారు. పోలీసుల కంట పడకుండా కూలిపని కోసం గేటు దగ్గర నిలబడ్డ గుంపులో కలిసిపోతారు. గేటు తెరుచుకుంటుంది. ఆ తోపులాటలో పెప్పే లోపలికి కొట్టుకుపోతాడు. బయట ఉండిపోయిన ముసలాయన, వాళ్ళు నీ చేత పని చేయిస్తారని భయంతో హెచ్చరిస్తాడు. ఆ దొంగలకి పని అంటే అంత పెద్ద శిక్ష! గదంతా గొల్లుమంది.

మేమూ నవ్వాం. కానీ మా నాన్న ఊళ్ళో పనుల్లేని నెలల్లో పొద్దున్నే బస్సెక్కి టౌన్‌లో కూలీల అడ్డా మీద నిలబడతాడు. మేస్త్రీ వచ్చి వేలితో చూపించి ఏరుకుంటాడు. ఏరుకున్న రోజు నాన్న సాయంత్రం ఏదో ఒక పొట్లంతో వస్తాడు. ఏరుకోని రోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, ఎవరితో మాట్లాడకుండా మంచం వాల్చుకుంటాడు. ఆ గేటు లోపలికి పడటం కొందరికి శిక్ష, కొందరికి పండగ. పెప్పే బలవంతంగా లోపలికి వెళ్ళాడు గానీ, ఆ గుంపులో మా నాన్న లాంటి వాళ్ళు ఎంతమంది బయట మిగిలిపోయారో కెమెరా చెప్పలేదు. ఇది సినిమా తప్పని అనం. ఆ గుంపుని చూసే కళ్ళు మావి కాబట్టి మాకలా కనిపించింది. చదువు మనకిచ్చిన లాభం ఏదైనా ఉంటే అదే. ఎక్కడి కథైనా మన కళ్ళతో చూడొచ్చు, మన మాటల్లో పేచీ పెట్టుకోవచ్చు.

తమ్ముళ్ళారా, సంచికలో చివర నీతి రాయడం ఆనవాయితీ. నీతి చెప్పేంత పెద్దవాళ్ళం కాదు మేం. మూడు మాటలు మాత్రం చెబుతాం. పరీక్ష పోతే ట్రంకు పెట్టెలో దాచకండి, పక్క మంచం వాడికి చెప్పండి. గుగ్గిళ్ళు వడ్డించుకునేటప్పుడు లైను చివర ఒకసారి చూడండి. ఏదో ఒక శనివారం రాత్రి ఈ సినిమా చూడండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఏడో నంబరు గదికి రండి. మేం ఉన్నంతవరకు చదివి వినిపిస్తాం.

పరీక్ష పోయిన మిత్రుడు మూడోసారి రాస్తున్నాడు. ఈసారి ఫలితం ఏదైనా ఆ రోజే చెబుతానని మాటిచ్చాడు.

కమ్మలు ఇంకా విడిపించలేదు. వచ్చే నెల నుంచి సాయంత్రాలు ట్యూషన్ చెప్పడానికి ఒక చోట కుదిరింది. లెక్క వేసి చూశాం. అన్నీ సరిగ్గా జరిగితే పద్నాలుగు నెలలు పడుతుంది. ఈ గోడ మాత్రం తప్పు గోడ కాదని మా నమ్మకం.